రెండో దెబ్బ

నా చిన్నప్పుడు మేము ఆరుగురం కలిసి ఒక ఆడపిల్లని కొట్టాం. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ పిల్లకీ అంతే.

ఇన్నేళ్ళకి ఇది రాయడానికి కారణం ఉంది. ఆ పిల్ల ఇప్పుడు పేరున్న మనిషి. చెడుగుడు ఆటలో రాష్ట్రం జట్టుకి కెప్టెన్‌గా ఆడింది. ఆ తర్వాత ఎంతోమంది ఆడపిల్లలకి ఆట నేర్పి పెద్ద పెద్ద జట్లలోకి పంపింది. మొన్నామధ్య ఏలూరులో ఆవిడకి సన్మానం అనుకున్నారు. ఆ సందర్భంగా వేసే పుస్తకం కోసం ఒక విలేఖరి అమ్మాయి మా ఊరు వచ్చి, ఆవిడతో చదువుకున్నవాళ్ళందరినీ చిన్ననాటి కబుర్లు అడిగింది. అందరూ ఏవో చెప్పారు. ఒకాయన తన అన్నం క్యారేజీలో సగం ఆ పిల్లకే పెట్టేవాడినన్నాడు. ఇంకొకాయన గెలిచినప్పుడల్లా భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించేవాళ్ళమన్నాడు. మా స్కూలే ఆవిణ్ణి తయారు చేసిందని అందరూ ఒక్క మాటగా చెప్పారు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను నోటితో చెప్పలేకపోయాను. రాసిస్తానమ్మా అన్నాను.

మా ఊరు పెదపాడు దాటాక కొల్లేటి అంచున ఉంటుంది. ఇప్పుడంటే ఎటు చూసినా చేపల చెరువులూ తారు రోడ్లూ వచ్చాయిగాని, అప్పట్లో వానాకాలం వస్తే మా ఊరి రేవు నుంచి అవతల అంతా నీళ్ళే. ఆ నీళ్ళ మధ్య దిబ్బల మీద లంక గ్రామాలు. అక్కడివాళ్ళు చేపలు పట్టి బతికేవాళ్ళు. మేము వరి పండించేవాళ్ళం. మా నాన్నగారు, మా పెదనాన్నగారు ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు, మాట చెల్లేవాళ్ళు.

ఆ పిల్ల లంక నుంచి వచ్చేది. పొద్దున్నే వాళ్ళమ్మ తాటిమాను తొలిచి చేసిన దోనెలో చేపల తట్టలు వేసుకుని మా రేవుకి వచ్చేది. ఊళ్ళో కొన్ని అమ్మి, మిగతావి తీసుకుని బస్సెక్కి ఏలూరు వెళ్ళేది. పోతూ పోతూ కూతుర్ని స్కూలు దగ్గర దింపేది. దోనెలో కూర్చుని రావడం వల్ల పరికిణీ అంచు ఎప్పుడూ తడిగానే ఉండేది. మేము ఆ పిల్లని పేరు పెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు. లంకపిల్ల అనేవాళ్ళం. పక్కన కూర్చుంటే చేపల కంపని ముక్కు మూసుకునేవాళ్ళం. చివరి బల్ల ఆ పిల్ల ఒక్కదానిదే.

మా స్కూల్లో దెబ్బలు తినని పిల్లలు లేరు. లెక్కల మాస్టారి బెత్తం అరచేతి మీద పడితే సాయంత్రం దాకా అన్నం కలుపుకోలేకపోయేవాళ్ళం. ఇంటి దగ్గర మా నాన్నగారి చేతిలో బెల్టు ఉండేది. పెద్దవాళ్ళు పిల్లల్ని కొట్టడం, మొగుళ్ళు పెళ్ళాల్ని కొట్టడం, కామందులు పాలేళ్ళని కొట్టడం ఎండావానా లాంటివే అనుకునేవాణ్ణి. ఎవరూ దాన్ని తప్పని అనగా నేను వినలేదు. కొట్టించుకునేటప్పుడు ఏడ్చేవాళ్ళం. మాకంటే చిన్నవాడు దొరికితే మేమూ కొట్టేవాళ్ళం. ఆ పిల్ల మాత్రం చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు. బెత్తం పడుతుంటే మాస్టారి మొహంలోకి చూస్తూ నిలబడేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు.

ఒకరోజు డ్రిల్లు పీరియడ్‌లో చెడుగుడు ఆడుతుంటే ఒక జట్టులో మనిషి తక్కువయ్యాడు. డ్రిల్లు మాస్టారు చుట్టూ చూసి, గోడ దగ్గర నిలబడ్డ ఆ పిల్లని పిలిచారు. మేమంతా నవ్వాం. ఆ పిల్ల పరికిణీ కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని బరిలోకి వచ్చింది.

కూత పెట్టింది. గొంతు పెద్దది కాదు. కానీ తెగలేదు. మా కూత పది అంగలకే వణికేది. ఆ పిల్ల కూత ఒకే తీరుగా సాగుతూనే ఉంది. పుట్టినప్పటి నుంచీ నీళ్ళలో మునిగి చేపలు పట్టిన పిల్ల, దాని ఊపిరి వేరు. ఒకణ్ణి తాకింది, ఇంకొకణ్ణి తాకింది. మా పెదనాన్నగారి అబ్బాయి మా జట్టుకి పెద్ద. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, బలమైనవాడు. నేను అన్నయ్య అనేవాణ్ణి. వాడు వెనక నుంచి వెళ్ళి కాలు పట్టుకున్నాడు. ఆ పిల్ల కొర్రమీనులాగా ఒక్క మెలిక తిరిగింది. అన్నయ్య బోర్లాపడ్డాడు. మూతి నేలకి కొట్టుకుని పెదవి చిట్లింది. ఆ పిల్ల గీత దాటి అవతలికి వెళ్ళాక గానీ కూత ఆపలేదు.

స్కూలంతా నవ్వింది. ఆడపిల్లలు చేతులు తట్టారు. డ్రిల్లు మాస్టారు అన్నయ్యని లేవదీసి, అందరూ వినేలా అన్నారు.

"ముందు ఆ పిల్ల దగ్గర ఊపిరి పీల్చడం నేర్చుకోండిరా. తర్వాత ఆడుదురుగాని."

అన్నయ్య రక్తం ఉమ్మేసి పక్కకి నడిచాడు. ఆ సాయంత్రం మమ్మల్ని ఐదుగుర్నీ పిలిచి, శనివారం ఒంటిపూట బడి వదిలాక కాలవ గట్టు మీదికి రమ్మన్నాడు. బెదిరిద్దాం అన్నాడు. నేను వెళ్ళాను. బెదిరించడానికే వెళ్ళానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

శనివారం మధ్యాహ్నం గట్టు మీద ఎవరూ లేరు. ఆ పిల్ల పుస్తకాల సంచి తగిలించుకుని రేవుకి నడుస్తోంది. అన్నయ్య వెనక నుంచి వెళ్ళి జడ పట్టుకుని లాగాడు. పడిపోయింది. సంచి కాలవలో పడింది. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. అన్నయ్య జడ పట్టుకునే నీళ్ళ దాకా ఈడ్చుకెళ్ళి తల నీళ్ళలో ముంచాడు.

"కూత పెట్టవే ఇప్పుడు! పెట్టు!"

ఆ పిల్ల కొట్టుకోలేదు. నీళ్ళలో కదలకుండా ఉండిపోయింది. అంతసేపు కదలకపోయేసరికి అన్నయ్యకే భయం వేసి జడ వదిలాడు. వదిలీ వదలగానే లేచి వాడి ముంజేయి కొరికింది. పళ్ళు దిగాయి. వాడు గావుకేక పెట్టాడు. ఆ కేకతో మేమంతా మీద పడ్డాం.

కాళ్ళతో తన్నాం. పిడికిళ్ళతో గుద్దాం. గట్టు పక్కన ఒక ఎండిన తాటిమట్ట పడి ఉంది. అది తీసుకున్నది నేను. తాటిమట్ట అంచు చూసినవాళ్ళకి తెలుసు, అటూ ఇటూ రంపం పళ్ళలాంటి ముళ్ళు ఉంటాయి. దాంతో భుజం మీద కొట్టాను. జాకెట్టు చిరిగింది. మళ్ళీ కొట్టాను. చర్మం చిరిగింది. రక్తం చూశాక ఆగాల్సింది. ఆగలేదు. నిజం చెప్పాలంటే రక్తం చూశాకే చెయ్యి ఇంకా తేలికగా లేచింది. మళ్ళీ మళ్ళీ కొట్టాను. ఎన్నిసార్లో నాకు తెలియదు. ఆ పిల్ల ఏడవలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఛాతీలోంచి గాలి బయటికి వచ్చే చప్పుడు మాత్రం వినిపించేది. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. తెరిచి ఉన్న రెండో కంటితో నన్నే చూస్తోంది.

ఎవరో రేవు వైపు నుంచి వస్తున్నారనగానే పరుగెత్తాం. ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. బాగా ఆకలేసింది. మా అమ్మ ఇంకో గరిటె పప్పు వేస్తే అదీ తిన్నాను. ఆ రోజు గురించి రాయడానికి నాకు అన్నిటికంటే కష్టమైన వాక్యం ఇదే.

సోమవారం ప్రార్థన అయిపోయి, ఇంకా వరసల్లో నిలబడి ఉండగా ఆ పిల్ల తల్లి స్కూలు గేటులోంచి లోపలికి వచ్చింది. నెత్తి మీద నీళ్ళకుండ. చేతిలో కత్తిపీట. వెనకాల ఆ పిల్ల. కన్ను ఉబ్బి నల్లగా ఉంది. భుజం నుంచి మోచేతి దాకా పసుపు గుడ్డ చుట్టి ఉంది.

కత్తిపీట చూడగానే చిన్నపిల్లలు అరుస్తూ వరండాలోకి పరుగెత్తారు. ఆవిడ సన్నగా, ఎత్తుగా ఉండేది. ఎండకి కాలిన మొహం. రోజూ ఊళ్ళో చూసే మనిషే. ఆ రోజు మాత్రం మాకెవరికీ తెలియని మనిషిలా ఉంది. హెడ్మాస్టారు మెట్లు దిగి ఎదురు వెళ్ళారు.

"ఏవమ్మా, ముందు ఆ కత్తిపీట బయట పెట్టు. ఏమున్నా ఆఫీసు రూములో కూర్చుని మాట్లాడుకుందాం."

"చేపలు కొయ్యడానికి తెచ్చానండి. మనుషుల్ని కాదులెండి. మీరు భయపడకండి," అంది ఆవిడ.

ఆ మాట ఎంత మెత్తగా అందంటే, అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

"పిల్లని ఎవరు కొట్టారో చెప్పమను. నేను చూసుకుంటాను," అన్నారు హెడ్మాస్టారు. కానీ ఆయన కళ్ళు అప్పటికే అన్నయ్య చేతికున్న కట్టు మీద ఉన్నాయి. ఆ కళ్ళు వెంటనే పక్కకి తిరిగిపోవడం కూడా నేను చూశాను. మా పెదనాన్నగారు స్కూలు కమిటీలో పెద్ద.

"పేర్లు చెప్పలేదండి. నేనూ అడగలేదండి. ఆరుగురని మాత్రం చెప్పింది. పేర్లు తెలిస్తే తవరికీ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. నేను గొడవకి రాలేదండి. ఈ పిల్లలకి చేపని చంపడం నేర్పి పోదామని వచ్చాను."

ఆవిడ నేల మీద కూర్చుని కుండ వంచింది. నీళ్ళతో పాటు ఆరు కొర్రమీలు జారిపడ్డాయి. కొర్రమీను నీళ్ళు లేకుండా కూడా చాలాసేపు బతుకుతుంది. ఆ ఆరూ మట్టిలో ఎగిరెగిరి పడుతున్నాయి. నల్లటి ఒళ్ళంతా దుమ్ము అంటుకుంది. ఆవిడ బొడ్లో దోపుకున్న జానెడు దుడ్డుకర్ర తీసి పక్కన పెట్టింది.

"ఆరుగురూ వచ్చి తలా ఒకటి కొట్టి చంపండి నాయనా. మీరెవరో నేను మొహం చూడను. హెడ్మాస్టారు గారికి చెప్పను. మీ నాన్నగార్లకి చెప్పను. ఈ పిల్ల మళ్ళీ ఈ సంగతి ఎత్తదు. కొట్టడం మీకు తెలిసిన పనే కదా."

ఎవరూ కదల్లేదు. చేపలు మట్టిలో కొట్టుకుంటున్నాయి. అందరూ మా వైపు చూడకుండా నేల చూస్తున్నారు. మేమెవరమో స్కూల్లో తెలియనివాళ్ళు లేరు.

అన్నయ్య నవ్వుతూ ముందుకి వచ్చాడు. ఇదెంత అన్నట్టు దుడ్డుకర్ర తీసుకుని ఒక చేప మీద కొట్టాడు. చేప జారి పక్కకి ఎగిరింది. మళ్ళీ కొట్టాడు. తోక మీద తగిలింది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో వాడికి వెర్రి కోపం వచ్చింది. కాలితో తొక్కిపట్టి ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. కన్ను చితికింది. మొప్పలు ఊడి వేలాడాయి. నోరు మాత్రం తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. చిన్నపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. అన్నయ్య మొహం పాలిపోయింది. కర్ర పారేసి గోడ దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాడు. తర్వాత ఎవరినీ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేనెందుకు వెళ్ళానో కచ్చితంగా చెప్పలేను. మంచివాణ్ణి కాబట్టి వెళ్ళానని మాత్రం రాయను. నా కాళ్ళ దగ్గరికి ఒక చేప వచ్చి పడింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. దాని కంటిలో మట్టి. అది అక్కడ ఉండగా నేను నిలబడలేకపోయాను. అంతే.

కర్ర తీసుకున్నాను. ఆవిడ నన్ను చూసింది. మొహం చూడనంది గాని చూసింది.

"ఎన్ని దెబ్బలు కొడతావు నాయనా?"

"తెలీదు," అన్నాను.

"తెలుసుకుని కొట్టు."

కొట్టాను. వీపు మీద పడింది. చేప వంకర తిరిగింది. రెండోసారి కొట్టాను. కర్ర దెబ్బ చేతిలోకి తిరిగి వచ్చింది. ప్రాణం ఉన్నదాన్ని కొడితే ఆ కదలిక కర్రలోంచి మన ఎముకలోకి వస్తుంది. తాటిమట్టతో కొట్టినప్పుడూ వచ్చే ఉంటుంది. అప్పుడు నాకు తెలియలేదు. మూడోది కొట్టేసరికి రక్తం నా మోకాలి మీద చిందింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఆవిడ నా చేతిలోంచి కర్ర తీసుకుంది. ఎడమచేత్తో చేపని మెత్తగా నేలకి అదిమిపట్టి, కళ్ళకి కాస్త వెనగ్గా ఒక్కటే దెబ్బ కొట్టింది. పెద్ద దెబ్బ కూడా కాదు. చేప ఒక్కసారి వణికి ఆగిపోయింది. అన్నయ్య వదిలేసిన దాన్నీ అలాగే ఆపేసింది. ఆ తర్వాత తలెత్తకుండానే మాట్లాడింది. ఆ మాటలు ఇప్పటికీ నాకు ఆవిడ గొంతుతోనే వినిపిస్తాయి.

"నేను రోజూ చంపుతాను నాయనా. అదే నా బతుకు. కానీ ఒక్కదాన్ని కూడా రెండో దెబ్బ కొట్టను. మొదటి దెబ్బ మన ఆకలి కోసం. రెండోది దేనికి? అది మన సరదా కోసం."

కూతుర్ని దగ్గరికి పిలిచి భుజం మీది గుడ్డ విప్పింది. పసుపు కింద చర్మం దున్నిన చేనులా ఉంది. లేత చర్మం మీద పళ్ళు పళ్ళుగా గీతలు.

"దీని ఒంటి మీద దెబ్బలు నేను లెక్కపెట్టాను. పదిహేడు. మొదటిది కోపం వచ్చి కొట్టారనుకుందాం. మిగతా పదహారూ ఏంటి నాయనా?"

"తాటిమట్టతో కొట్టింది నేనే," అన్నాను. అంతమంది ముందు, గట్టిగానే అన్నాను. హెడ్మాస్టారు తల దించుకున్నారు. ఆ పిల్ల నా వైపు చూడలేదు. మట్టిలో ఎగురుతున్న చేపల్నే చూస్తోంది.

మిగతా నలుగురూ రాలేదు. ఆవిడ ఇంకొకసారి పిలవలేదు. మిగిలిన నాలుగు చేపల్నీ ఒక్కొక్క దెబ్బతో చంపి, అక్కడే కత్తిపీట మీద శుభ్రం చేసింది. నేను చితక్కొట్టిన చేపని మాత్రం తామరాకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మగారికి ఇచ్చి పులుసు పెట్టమను. చంపినదాన్ని పారెయ్యకూడదు."

చేప తీసుకుని ఇంటికి వెళ్ళాను. స్కూల్లో జరిగిన సంగతి నాకంటే ముందే ఇల్లు చేరింది. మా నాన్నగారు అరుగు మీదే బెల్టు తీశారు. ఆడపిల్లని కొట్టినందుకు కాదు. ఆ మాట ఆయన నోట రాలేదు. చేపలమ్మే మనిషి ముందు, ఊరందరి పిల్లల ముందు ఏడ్చి ఒప్పుకున్నందుకు. నేను మొదటిసారి దెబ్బలు లెక్కపెట్టాను. మొదటిది ఎందుకో నాకు అర్థమైంది. రెండో దాని నుంచి తొమ్మిదో దాని దాకా మా నాన్నగారి మొహం చూశాను. గట్టు మీద నా మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాను. ఆయన అలిసిపోయి ఆపారు. ఆ పిల్ల బెత్తం ముందు మాస్టారి మొహంలోకి ఎందుకు చూసేదో ఆ రోజు తెలిసింది. నాకు ఒళ్ళు ఎందుకు మండేదో కూడా తెలిసింది. కొట్టేవాళ్ళ మొహంలోకి అలా చూడటం అప్పటిదాకా నాకు చేతకాలేదు.

మా అమ్మ ఆ చేపని పులుసు పెట్టింది. నాన్నగారు ముట్టుకోలేదు. నేను తిన్నాను. వీపు గోడకి ఆనించలేక ముందుకి వంగి కూర్చుని, ముళ్ళు తీసుకుంటూ, మొత్తం తిన్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని నేను తినడం అయ్యేదాకా విసనకర్రతో విసురుతూ ఉంది.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున మా నాన్నగారు, పెదనాన్నగారు పాలేళ్ళని తీసుకుని రేవుకి వెళ్ళారు. నేను వెనకాల పరుగెత్తాను. నేను చేరేసరికే ఆవిడ తట్టలు నీళ్ళలో తేలుతున్నాయి. దోనెని గట్టు మీదికి లాగి గొడ్డళ్ళతో నరుకుతున్నారు. తాటిమాను గట్టిది, తొందరగా విరగదు. చాలాసేపు నరికారు. ఇంకెప్పుడూ మా ఊళ్ళో చేపలమ్మడానికి వీల్లేదని పెదనాన్నగారు అరుస్తున్నారు. ఆ పిల్ల మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చూస్తోంది.

నేను మా నాన్నగారి చెయ్యి పట్టుకుని, వద్దు, తప్పు నాది అన్నాను. ఆయన వెనక్కి తిరగకుండానే మోచేత్తో కొట్టారు. ముక్కులోంచి రక్తం వచ్చింది. ఇంకోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పన్నెండేళ్ళవాడికి అంతకంటే ఏం చేతనవుతుందని తర్వాత ఎవరైనా అంటే సంతోషించేవాణ్ణేమో. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ అనలేదు.

అందరూ వెళ్ళిపోయాక ఆవిడ తేలిపోతున్న తట్టల్ని ఒక్కొక్కటే పట్టి గట్టు మీద పెట్టుకుంటోంది. నన్ను చూసింది. ముక్కు మీది రక్తమూ చూసింది.

"పులుసు తిన్నావా నాయనా?"

"తిన్నానండి," అన్నాను.

ఆవిణ్ణి అండీ అనడం నాకదే మొదటిసారి. మా ఊళ్ళో ఎవరూ ఆవిణ్ణి అలా అనగా నేను వినలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల మా స్కూలుకి రాలేదు. తల్లి ఎవరినో బతిమాలి ఏలూరులో హాస్టలు ఉన్న బడిలో వేసిందని, అక్కడి ఆటల టీచరు పిల్ల ఊపిరి చూసి వదిలిపెట్టలేదని చాలాకాలానికి విన్నాను. పేపర్లో మొదటిసారి బొమ్మ పడ్డప్పుడు మా ఊరివాళ్ళు దాన్ని కత్తిరించి స్కూలు వరండాలో అంటించారు. మా స్కూలు ఆ పిల్లని తయారు చేసిన మాట అబద్ధం. మేము ఆ పిల్లని తరిమేశాం.

నేను చదువుకుని మాస్టర్నయ్యాను. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. ఒక సంవత్సరం అక్కడ రాష్ట్రస్థాయి చెడుగుడు పోటీలు జరిగాయి. ఒకప్పటి ఆ పిల్ల అప్పుడు జిల్లా జట్టుకి కెప్టెన్. మూడు రోజులు వెళ్ళి చూశాను. అవతలి మనిషిని పట్టుకుంటే ఉడుం పట్టే. విజిల్ పడిన మరుక్షణం ఆ పట్టు లేదు. ఒక్క అరక్షణం కూడా ఎక్కువ నొక్కడం నేను చూడలేదు. ఆఖరి రోజు ఆట అయ్యాక ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళి, మా ఊరి పేరు చెప్పి, తల దించుకున్నాను. ఆవిడ తువ్వాలు అందుకుంటూ నన్ను చూసింది.

"తాటిమట్ట మీరేనా అండి?"

అవునన్నాను. చేతులు జోడించాను. క్షమించమని అడిగాను.

"మా అమ్మ పోయేదాకా మిమ్మల్ని తలుచుకునేదండి. ఒప్పుకున్న ఆ పిల్లాడు ఏం చేస్తున్నాడో అనేది. ఆవిడ మిమ్మల్ని ఎప్పుడో క్షమించేసింది. అది ఆవిడ ఇష్టం." తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నెమ్మదిగా అంది. "నేను మాత్రం క్షమించలేదండి. ఏమీ అనుకోకండి. మంచినీళ్ళు తాగుతారా?"

తాగాను. ఆవిడే గ్లాసు అందించింది. అప్పుడు చొక్కా చేతి కింద ఆ గీతలు కనిపించాయి. మాసిపోలేదు.

ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను. నా శిష్యుల్లో కొంతమంది, మా మాస్టారు ఎవరినీ కొట్టేవారు కాదని చెబుతుంటారు. అది నిజం కాదు. కొట్టాను. ఒకసారి పరీక్షలో చూసి రాసిన పిల్లాడు నా మొహం మీదే అబద్ధం చెబితే చెంప మీద కొట్టాను. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ మీద చెయ్యి చేసుకున్నాను. మా అబ్బాయి బడి ఎగ్గొట్టి కాలవలో ఈతకి వెళ్ళి మునిగిపోబోయి బతికి వచ్చినప్పుడు భయంతో కొట్టాను. నేను బెల్టు దెబ్బల ఇంట్లో పెరిగినవాణ్ణి. నా చెయ్యి నాకంటే ముందు లేస్తుంది. దాన్ని లేవకుండా చేయడం ఈ జన్మకి పూర్తిగా చేతకాలేదు.

కానీ ఆ మూడుసార్లూ, లేచిన చెయ్యి ఒకసారి పడ్డాక, మళ్ళీ లేవబోతుండగా నా ఎముకలో ఒక వణుకు వచ్చింది. కర్ర కింద ప్రాణం కొట్టుకునే వణుకు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మా ఆవిడ ఒకసారి అడిగింది, అలా చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడిపోయారేంటండీ అని. చెయ్యి దించి, కొట్టినచోట నిమిరి, నాది తప్పని చెప్పాను. మా నాన్నగారికి జీవితాంతం రాని మాట అది. నాకు ప్రతిసారీ ఆలస్యంగానే వచ్చింది, మొదటి దెబ్బ పడిపోయాక. అయినా వచ్చింది.